పులుసులో బెల్లం దగ్గర రోజూ గొడవ: మేం ఒకరికొకరు సరిపడమా?

ఒక తమ్ముడు ఉత్తరం రాసి అడిగింది క్లుప్తంగా ఇదీ. ఒడిశాలోని రాయగడలో ఉద్యోగం. పెళ్లయి ఏడు నెలలు. అమ్మాయిది బాపట్ల. పులుసులో బెల్లం, పడగ్గదిలో ఫ్యాను, "ఏమీ లేదు" అని ముఖం తిప్పుకోవడం, ఇలా రోజుకొకటి. పెద్ద విషయం ఒక్కటీ లేదు. "సర్దుకుపోదామని ప్రతిదాంట్లో సగం సగం అని ఒప్పందం చేసుకున్నాం. అయినా గొడవలు తగ్గలేదు. మేం ఒకరికొకరు సరిపడమేమో అని టెన్షన్‌గా ఉంది. దసరాకి మొదటిసారి అత్తారింటికి వెళ్తున్నాం, అక్కడికి ఏం పట్టుకెళ్లాలో కూడా చెప్పండి" అన్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను. సరిపడతారు. మిమ్మల్ని ముంచుతున్నది ఆ సగం సగం ఒప్పందమే. రుచుల దగ్గర, అలవాట్ల దగ్గర మధ్యేమార్గం పనికిరాదు. రెండు జాడీలు పెట్టుకోండి. రెండు జాడీలు కుదరని చోట వంతులు వేసుకోండి.

ఇది చెప్పడానికి నాకేం అర్హత అంటారా? మాది బరంపురం, మా ఆవిడది తెనాలి. పెళ్లయి 31 ఏళ్లు. అది చాలదంటే, పట్టుచీరల దుకాణంలో 27 ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్నాను. పరుపు మీద చీరలు గుట్టలు పడ్డాక, బిల్లు వెయ్యకముందు, మొగుడూ పెళ్లాలు ఒకరి ముఖం ఒకరు ఎలా చూసుకుంటారో రోజూ చూసినవాణ్ణి.

మా సంగతి కొంచెం చెప్పాలి. మా తాత ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారిన మనిషి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరుపడేదాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పొద్దున్న లేచేసరికి ఆయన, ఆయన పెరట్లో కొబ్బరిచెట్టు, ఇద్దరూ ఒరిస్సావాళ్లు. అప్పటినుంచీ మా ఇంట్లో మాటలు తెలుగులో, కూరగాయల బేరం ఒడియాలో, కోపమొస్తే ఏది ముందు నోటికొస్తే అది. మీది రాయగడ కాబట్టి ఇదంతా మీకు కొత్త కాదు. కానీ బాపట్ల అమ్మాయికి కొత్తే. ఆ అమ్మాయికి మీరు గురువారాన్ని లక్ష్మివారం అనడం దగ్గర్నుంచీ వింతే.

మా పెళ్లిచూపుల్లోనే మొదటి దెబ్బ తగిలింది. మా అమ్మ పిల్లని చూసి మురిసిపోయి "గుంట బంగారంలాగుంది" అంది. మన వైపు గుంట అంటే ఆడపిల్ల. తెనాలిలో గుంట అంటే గొయ్యి, మనిషిని అంటే చులకన. వాళ్ల మేనమామ కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. మధ్యవర్తి అరగంట తంటాలుపడి శ్రీకాకుళం యాస గురించి ఉపన్యాసం ఇస్తేగానీ మళ్లీ గ్లాసు ఎత్తలేదు.

పెళ్లయ్యాక "హఉ" గొడవ. ఒడియాలో హఉ అంటే "సరే, అలాగే" అని మీకు తెలుసు. మాకది ఊపిరిలాంటిది, ఎవరేం చెప్పినా హఉ, హఉ అంటూ ఉంటాం. ఒకరోజు నేను ఖాతా పుస్తకం చూసుకుంటుంటే మా ఆవిడ అద్దం ముందు నిలబడి "లావయ్యానా?" అంది. నేను తల ఎత్తకుండా "హఉ" అన్నాను. నా లెక్కలో అది "వింటున్నాను, చెప్పు" అని. ఆవిడకి "అవును" అని వినపడింది. ఆ రాత్రి నాకు అన్నం ఎవరు వడ్డించారో చెప్పను. ఇలాంటివాటిని సరిపడకపోవడం అనకండి తమ్ముడూ. ఒకే భాష మాట్లాడుకుంటున్నామనుకుని రెండు భాషలు మాట్లాడుకోవడం అది. ఏడు నెలల్లో పోదు. మాకు నాలుగేళ్లు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఇప్పుడు జాడీల విషయం.

మా మొదటి వేసవి. మా అమ్మది బెల్లం ఆవకాయ. మా ఆవిడది కారం చూడగానే కళ్లలో నీళ్లు తిరిగే గుంటూరు వైపు ఆవకాయ. ఏది పెట్టాలి? ఇంట్లో ముగ్గురం కూర్చుని, మీలాగే పెద్దమనుషుల్లా ఆలోచించి, సగం బెల్లం, సగం కారం అని తీర్మానించాం. ఆ ఏడు పాతిక కాయ పెట్టారు. తీపీ కాదు, కారమూ కాదు, జ్వరమొచ్చినవాడి నోట్లో రుచిలా తయారైంది. మా అమ్మ "బాగానే ఉంది" అని రెండో ముద్ద కలపలేదు. మా ఆవిడ "బాగానే ఉంది" అని పెరుగన్నంలోకి మారిపోయింది. పక్కింటి ఒడియా మాఉసికి (అంటే పిన్నిగారికి) గిన్నెడు ఇస్తే, మూడో రోజు గిన్నె కడిగి తెచ్చి మర్యాదగా ఇంకొద్దంది. ఆవకాయ వద్దన్న మనిషిని నేను అప్పుడే మొదటిసారి చూశాను.

మరుసటి ఏడు నుంచి రెండు జాడీలు. మా అమ్మ జాడీకి తెల్లగుడ్డ వాసెన, మా ఆవిడ జాడీకి ఎర్రగుడ్డ వాసెన. మా అమ్మ పోయి పదేళ్లయింది. తెల్లగుడ్డ జాడీ ఇప్పుడు నా బాధ్యత, బెల్లం నేనే దంచుతాను. మా అబ్బాయి రెండిట్లోంచీ చెరో ముక్క తీసి కంచంలో కలుపుకుంటాడు. వాడి ఇష్టం. కంచంలో కలుపుకోవచ్చు, జాడీలో కలపకూడదు.

ఎందుకు కుదరదంటే, సగానికి ఒప్పుకున్న ఇద్దరూ తామే వదులుకున్నామనుకుంటారు. గల్లా భాషలో చెప్పాలంటే, ఇద్దరి పుస్తకాల్లోనూ బాకీ రాసి ఉంటుంది, ఎవరి పుస్తకంలోనూ జమ ఉండదు. మీరు పులుసులో చిన్న ముక్క బెల్లంతో సర్దుకున్నారు. ఆ అమ్మాయి ఆ చిన్న ముక్కని భరించింది. ఇద్దరూ త్యాగం చేశారు, పులుసు మాత్రం ఎవరికీ నచ్చలేదు. అలాంటప్పుడు పక్కగదిలో ఫ్యాను చప్పుడు కూడా నేరంలాగే వినపడుతుంది. బెల్లం లేకుండా పులుసు దించి, మీ గిన్నెలో పోసుకున్నాక ముక్క వేసి ఒక్క పొంగు రానివ్వండి. అయిదు నిమిషాల పని. మీరే చెయ్యండి, ఆవిడచేత చేయించకండి.

దుకాణంలో కూడా ఇదే చూశాను. కోడలికి వంకాయ రంగు కావాలి, అత్తగారికి చిలకాకుపచ్చ కావాలి. మధ్యలో కొడుకు లేచి "గొడవెందుకు, ఇది తీసుకోండి" అని ఎవరూ అడగని బూడిదరంగు చీర ఒకటి పట్టుకుంటాడు. ఇద్దరూ మాట్లాడకుండా ఒప్పుకుంటారు. నేను బిల్లు వేస్తూనే లోపల కుర్రాడికి చెప్పేవాణ్ణి, ఆ వంకాయ రంగుది, పచ్చది పక్కన పెట్టి ఉంచరా అని. వారంలోపు మార్చుకోవడానికి వచ్చేవాళ్లు. రెండూ కొనుక్కుని పోయేవాళ్లు. మాకు లాభమే అనుకోండి.

చీరల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. "ఈ రెండిట్లో ఏది బాగుంది?" అని అడిగితే "రెండూ బాగున్నాయి" అనకండి, "నీ ఇష్టం" అసలే అనకండి. మా దుకాణం గుమ్మం దగ్గర ఒక బెంచీ ఉండేది. దాన్ని మేం మొగుళ్ల బెంచీ అనేవాళ్లం. అక్కడ కూర్చుని ఫోను చూసుకుంటూ "నీ ఇష్టం" అన్నవాళ్ల బిల్లుకి గంటన్నర పట్టేది. లోపలికొచ్చి, పరుపు మీద కూర్చుని, వేలుపెట్టి "ఇది" అన్నవాళ్లకి అరగంటలో అయిపోయేది. మీరు "ఇది" అనగానే ఆవిడ రెండోది తీసుకుంటుంది, అది వేరే విషయం. మీరొకటి చెబితేనే తనకి కావలసింది ఏదో తనకి తేలుతుంది. నొచ్చుకోకండి. మా బరంపురం పట్టుకి భౌగోళిక గుర్తింపు ఇచ్చినప్పుడు ఫోడా కుంభ అనే రకం చీరకీ, మగవాళ్లు కట్టుకునే జోడాకీ కలిపే ఇచ్చారు. కాబట్టి ఆవిడ చీర ఎంచుతున్నప్పుడు మీరూ ఒక జోడా చూసుకుంటూ కూర్చోండి, బెంచీ మీద కన్నా నయం. (పాత అలవాటు, అమ్మకం మానలేను.)

అన్నిటికీ రెండు జాడీలు కుదరవు. కప్పుకి ఉన్నది ఒక్కటే ఫ్యాను. ఇక్కడే వంతులు పనికొస్తాయి. మాది సముద్రం పక్క ఊరు, గోపాల్‌పూర్ పదహారు కిలోమీటర్లే. ఉక్కకి నాకు ఫ్యాను అయిదు మీద ఉండాలి. ఆవిడకి రెండు దాటితే ముక్కు దిబ్బడ. మూడున్నర మీద పెట్టుకుని ఇద్దరం నిద్రలేకుండా గడిపాం కొన్నాళ్లు. తర్వాత వంతులు వేసుకున్నాం, సరి తేదీలు నావి, బేసి తేదీలు ఆవిడవి. బాగానే నడిచింది, మొదటి 31వ తేదీ వచ్చేదాకా. 31 బేసి, మర్నాడు ఒకటో తేదీ మళ్లీ బేసి. వరసగా రెండు రాత్రులు ఆవిడవే. నేను అభ్యంతరం పెట్టాను. "ఒప్పందం ఒప్పందమే" అంది. సంవత్సరంలో ఏడు నెలలకి 31 రోజులు ఉంటాయని, అన్నిసార్లు నాకు అన్యాయం జరుగుతుందని కాగితం మీద లెక్క వేసి చూపించాను. ఆవిడ కాగితం చదివి మడిచి, కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపింది. చివరికి నా వైపు ఒక టేబుల్ ఫ్యాను కొనుక్కున్నాను. అంటే అదీ రెండో జాడీయే.

వంతుల గురించి నాకు అసలు బుద్ధి వచ్చింది రజ పండగలో. మా పై వాటాలో కటక్ వాళ్లు అద్దెకుండేవారు. రజ తెలుసుగా, జూన్ మధ్యలో మిథున సంక్రాంతికి మూడు రోజులు. భూదేవి రజస్వల అయిందని నాగలి పట్టరు, ఆడవాళ్లు వంటింటి పని ముట్టరు, ఉయ్యాలలూగుతారు, తాంబూలం వేసుకుంటారు, ముందే కాల్చి చేసిపెట్టుకున్న పోడపిఠా అనే పిండివంట తింటారు. కటక్, పూరీ వైపు బాగా చేస్తారు, మాకు అంత అలవాటు లేదు. మా ఆవిడ ఆ పైవాళ్లని మూడు రోజులు కిటికీలోంచి చూసి, మరుసటి ఏడు "మనమూ చేద్దాం" అంది. మా అమ్మ "మన ఆచారం కాదమ్మా" అంది. "మార్గశిర లక్ష్మివారాలు వాళ్లూ చేస్తారు, మనమూ చేస్తాం కదా అత్తయ్యా, పని పెరిగే పండగలు మనవీ, పని తగ్గే పండగ మాత్రం పరాయిదా?" అంది. మా అమ్మ కాసేపు ఆలోచించి, చేతిలో కత్తిపీట నాకిచ్చింది. అత్తాకోడళ్లు ఒకటవడం ఆ ఇంట్లో అదే మొదలు.

మొదటి రోజు ఉప్మా. ఉండలు. రెండో రోజు తెలివి ఉపయోగించి పఖాళ, అంటే చద్దన్నం, అన్నాను, అన్నంలో నీళ్లు పోస్తే చాలు కదా అని. చాలదు. పక్కన వేయించిన వడియాలు కావాలి, బంగాళాదుంప ముద్ద కావాలి, నేను వేయించిన వడియాలు బొగ్గులయ్యాయి. మూడో రోజు పులుసు పెట్టాను. అన్నీ వేశాను, చెమటలు కక్కుకుంటూ దించాను. అమ్మ ఒక చెంచా నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. బెల్లం వెయ్యడం మర్చిపోయాను. బెల్లం లేని పులుసు పులుసేనా అని అయిదేళ్లుగా వాదిస్తున్నవాణ్ణి. మా ఆవిడ ఏమీ అనలేదు, రెండోసారి వేసుకుంది. మూడోసారి కూడా.

కాబట్టి వచ్చే జూన్‌లో మీరూ ఆ మూడు రోజులు వంటింట్లోకి దిగండి. మీ గొడవల్లో కొన్ని దిగిన రోజే పోతాయి. కొన్ని కొత్తవి పుడతాయి, వాటి సంగతి అప్పుడు చూద్దాం.

"ఏమీ లేదు" గురించి ఎక్కువ చెప్పను. రెండుసార్లు అడగండి, మూడోసారి అడగకండి. గంట ఆగి తినడానికేదైనా తీసుకుని వెళ్లండి. గిన్నెల చప్పుడు మామూలు కన్నా ఎక్కువగా ఉంటే గంటన్నర ఆగండి.

మూడో మనిషిని తీర్పు చెప్పమనకండి. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారు 1894లో పుట్టింది మా బరంపురంలోనే. కార్మిక నాయకుడిగా, తర్వాత కేంద్ర కార్మిక మంత్రిగా ఆయన పట్టుబట్టింది ఒక్కటే: యాజమాన్యం, కార్మికులు తమలో తాము కూర్చుని మాట్లాడుకోవాలి, బయటివాళ్ల తీర్పు ఆఖరి దారి కావాలి అని. ఫ్యాక్టరీల కోసం చెప్పిన మాటే గానీ పడగ్గదికి ఇంకా బాగా సరిపోతుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను ఫ్యాను వ్యవహారాన్ని మా బావమరిది ముందు పెట్టాను. ఆయన పాపం నిజాయితీపరుడు, లెక్క చూసి "బావ చెప్పిందే న్యాయం" అన్నాడు. మా ఆవిడ ఆయనతో రెండు నెలలు మాట్లాడలేదు. నాతో మాట్లాడింది, కానీ ఆ మాటల కన్నా మౌనమే నయమనిపించింది. కేసు గెలిచి ఫ్యాను ఓడిపోయినవాణ్ణి నేనొక్కణ్ణే ఉంటాను.

ఇక రెండు జాడీలు పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. డబ్బు ఒకటి. ఎంత వస్తోంది, ఎవరికి ఎంత పంపుతున్నారు, ఇద్దరికీ తెలియాలి, దాపరికం పనికిరాదు. రెండోది ఒకరి అమ్మానాన్నలని ఒకరు అనే మాట. పులుసు గొడవ "మీ అమ్మ నేర్పిందే అంత" దగ్గరికి వచ్చిందంటే అక్కడే ఆపేయాలి, గెలుస్తున్నా సరే. మూడోది పుట్టింటి ప్రయాణం. ఆవిడ వెళ్తానంటే ముఖం ముడుచుకోకండి. మా ఊళ్లో రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి యాత్ర జరుగుతుంది. అమ్మవారు గుడి వదిలి దేశిబెహరా వీధికి వస్తుంది, అది ఆవిడ పుట్టిల్లు. వారాల తరబడి అక్కడే ఉంటుంది, ఊరంతా పులివేషాలు, గంటలు, దీపాలు. ఒకసారి నేను "పది రోజులెందుకు, అయిదు చాలదా?" అన్నాను, అదీ యాత్ర నడుస్తున్నప్పుడు. మా ఆవిడ వీధి వైపు చెయ్యి చూపించి "ఆవిణ్ణి అడిగి రండి" అంది. అడగలేదు. టికెట్టు కొనేశాను.

ఒక మాట వేరుగా చెప్పాలి. ఇదంతా ఇద్దరూ భయం లేకుండా నోరెత్తగలిగే ఇంటికి. చెయ్యి చేసుకోవడం, డబ్బు ఇవ్వకుండా బిగబట్టడం, మాట్లాడాలంటేనే వణుకు, ఇవి ఉంటే జాడీలు, వంతులు అని కూర్చోకూడదు. పెద్దవాళ్లకి చెప్పాలి, అవసరమైతే 181కి ఫోన్ చెయ్యాలి. మీ ప్రశ్న చదివితే అలాంటిదేమీ కనపడలేదు. ఇది చదివే మిగతావాళ్ల కోసం రాశాను.

చివరికి బాపట్లకి ఏం పట్టుకెళ్లాలో. ఎవరైనా బరంపురం నుంచి వస్తుంటే అప్పడాలు తెప్పించుకోండి, అవి ఎక్కడైనా నెగ్గుతాయి. ఒక పెట్టె ఛెనాపోడ మిఠాయి కూడా పట్టుకెళ్లండి. విరిగిన పాలతో చేసింది అనగానే ముఖాలు చూసుకుంటారు, వెలుతురు పడని చోట పెడతారు, రాత్రికి పెట్టె ఖాళీగా ఉంటుంది. బయల్దేరేముందు మీ రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకోండి.

ఊరగాయ మాత్రం వద్దు. మా ఊరు ఊరగాయలకి పేరున్న ఊరు కదా అని, కొత్త అల్లుడిగా రెండు కిలోల సీసా ఒళ్లో పెట్టుకుని రాత్రంతా రైల్లో కూర్చుని తెనాలి మోసుకెళ్లాను. అత్తయ్యగారు "అయ్యో, ఎంత శ్రమపడ్డారు బాబూ" అని రెండు చేతులతో అందుకుని లోపల పెట్టారు. నాలుగు రోజుల తర్వాత బరంపురంలో సంచి విప్పితే, మూత కూడా తియ్యని నా సీసా ఉంది, దాని పక్కనే వాళ్ల ఆవకాయ సీసా ఉంది.